పాత ల్యాప్‌టాప్‌లో గిటార్ రికార్డింగ్: అన్నీ తిరిగి రీపర్ దగ్గర ఆగాను

ముందు తేల్చేస్తాను, ఎందుకో తర్వాత చెప్తాను. మీ దగ్గర విండోస్ ల్యాప్‌టాప్ ఉంటే, అది పాతదైనా సరే, రీపర్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ వేసుకోండి. ఫోన్ తప్ప ఏమీ లేకపోతే బ్యాండ్‌ల్యాబ్ యాప్. ఐఫోన్ గానీ మ్యాక్ గానీ ఉంటే వెతుక్కోవాల్సిన పనే లేదు, గ్యారేజ్‌బ్యాండ్ ఉచితంగా వస్తుంది, దాంతో ఈ రోజే మొదలుపెట్టేయండి. ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ మంచిదే, కానీ ఒక గిటార్, ఒక గొంతు దాటి ముందుకు పోవాలంటే కొత్తవాళ్లని అది ఒకచోట ఇరికిస్తుంది. ఆ చోటు ఏదో కింద వివరంగా రాస్తాను, ఎందుకంటే నేను అక్కడే ఏడాదికి పైగా ఇరుక్కుపోయాను.

నాది ఒంగోలు. పగలంతా చీమకుర్తిలో ఒక గ్రానైట్ ఆఫీసులో లెక్కలు చూస్తాను, ఆదివారం చర్చిలో గిటార్ వాయిస్తాను. రికార్డింగ్ మొదలుపెట్టడానికి కారణం మా క్వయరే, అంటే చర్చిలో పాడే మా బృందం. ఒకమ్మాయి నెల్లూరులో నర్సింగ్ చదువుతోంది, కీబోర్డ్ వాయించే తమ్ముడికి కందుకూరులో ఉద్యోగం, ఇంకో ఇద్దరివి షిఫ్టు డ్యూటీలు. కొత్త పాట నేర్చుకోవాలంటే వారం మధ్యలో అందరం ఒకచోట కూర్చోవడం అయ్యే పని కాదు. గిటార్ ట్రాక్ ఒకటి వాట్సాప్‌లో పంపితే ఎవరింట్లో వాళ్లు ప్రాక్టీస్ చేసుకుని శనివారం సాయంత్రానికి వచ్చేస్తారు. మొదట్లో ఫోన్‌లో వాయిస్ మెసేజ్ చేసి పంపేవాణ్ణి. అందులో స్ట్రమ్మింగ్ అంతా గరగరలాడేది, కార్డ్ మారిందో లేదో కూడా తెలిసేది కాదు. "అన్నా, రెండో లైన్‌లో సీ మేజరా, ఏ మైనరా?" అని ఒకరి తర్వాత ఒకరు ఫోన్ చేసేవాళ్లు. వాళ్ల తప్పు కాదు, ఆ రెండు కార్డ్స్‌లో మూడు స్వరాలకి రెండు ఒకటే, ఆ మిగిలిన ఒక్క స్వరం స్పష్టంగా వినిపిస్తేనే తేడా తెలిసేది.

నా ల్యాప్‌టాప్ ఐ3, 4 జీబీ ర్యామ్, విండోస్ 10. మధ్యలో హార్డ్ డిస్క్ తీయించి ఎస్ఎస్‌డీ వేయించాను, అంతకు మించి ఏమీ మార్చలేదు. ఇది ఎందుకు చెప్తున్నానంటే, యూట్యూబ్‌లో ఏ వీడియో చూసినా వాళ్ల ముందు రెండు మానిటర్లు, గోడ నిండా ఫోమ్, పక్కన నాలుగు గిటార్లు ఉంటాయి. వాళ్లు "ఇది చాలా ఈజీ" అన్న సాఫ్ట్‌వేర్ మన ల్యాప్‌టాప్‌లో తెరుచుకునే లోపు టీ పెట్టుకుని తాగి రావచ్చు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు చూడాల్సినవి నా లెక్కలో రెండే. అది మీ మెషీన్ మీద ఆగకుండా నడవాలి. మీరు తీగ మీటగానే ఆ శబ్దం మీ చెవిలో పడాలి. ఎన్ని సౌండ్స్ ఉన్నాయి, చూడ్డానికి ఎలా ఉంది అనేవి తర్వాత చూసుకోవచ్చు.

రెండోది కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే నాకు ఎవరూ చెప్పలేదు, చెప్పి ఉంటే ఆ ఏడాది మిగిలేది. మీటిన శబ్దం చెవికి చేరడంలో అయ్యే ఆలస్యాన్ని లేటెన్సీ అంటారు. గిటార్ నుంచి వచ్చే శబ్దాన్ని కంప్యూటర్ ఎప్పటికప్పుడు తీసుకోదు, కొంచెం కొంచెం పోగుచేసుకుని ఒక దోసిలి నిండాక లోపలికి పంపుతుంది. ఆ దోసిలి పేరు బఫర్. సీడీ లెక్కన సెకనుకి 44,100 శాంపిల్స్, అంటే శబ్దం ముక్కలు, తీసుకుంటుంటే, బఫర్ 1024 పెట్టినప్పుడు ఒక్కో దోసిలి నిండటానికి 23 మిల్లీసెకన్లు పడుతుంది. 128 పెడితే 3 మిల్లీసెకన్లు. అంకెలుగా చూస్తే ఏముందిలే అనిపిస్తుంది. కానీ గాలిలో శబ్దం ఒక మీటరు పోవడానికి దాదాపు 3 మిల్లీసెకన్లు పడుతుంది, అంటే 23 మిల్లీసెకన్ల ఆలస్యమంటే స్పీకర్‌ని ఎనిమిది మీటర్ల దూరాన పెట్టుకుని వాయిస్తున్నట్టు. పెద్ద హాల్లో స్టేజీ మీద మానిటర్ స్పీకర్ లేకుండా, అవతలి గోడ దగ్గరున్న బాక్సులో వినుకుంటూ వాయించినవాళ్లకి ఆ బాధ తెలుసు. చెయ్యి తనకు తెలియకుండానే నెమ్మదిస్తుంది, పాట ఈడ్చినట్టు అవుతుంది. పైగా ఇది లోపలికి వచ్చేటప్పుడు ఒకసారి, బయటికి పోయేటప్పుడు ఇంకోసారి పడుతుంది. కొత్తవాళ్లు ఇది తెలియక "నాకు తాళం రాదేమో" అనుకుని గిటార్ పక్కన పెట్టేస్తారు. నేను కూడా ఒక రెండు నెలలు అలాగే పక్కన పెట్టేశాను.

ఇక ఆడాసిటీ. అందరిలాగే నేనూ దీంతోనే మొదలుపెట్టాను. ఉచితం, ఓపెన్ సోర్స్, 2000 నుంచి ఉంది, అమెరికాలో కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో పుట్టింది. తెరిచి, ఆర్ అక్షరం నొక్కితే రికార్డింగ్ మొదలైపోతుంది, అంతకంటే సులువు ఇంకెక్కడా చూడలేదు. నాలుగు నిమిషాల స్ట్రమ్మింగ్ రికార్డ్ చేసి, ముందూ వెనకా కత్తిరించి, ఎంపీ3 చేసి పంపాలంటే ఇప్పటికీ నేను దాన్నే తెరుస్తాను. ప్రసంగాలు, ఇంటర్వ్యూలు, పిల్లల పద్యాలు, వీటన్నిటికీ దాన్ని మించింది అక్కర్లేదు.

చిక్కు ఎక్కడొస్తుందంటే, ఒక ట్రాక్ (విడిగా రికార్డ్ చేసిన ఒక్కో భాగం) వింటూ దాని మీద ఇంకో ట్రాక్ వాయించేటప్పుడు. స్ట్రమ్మింగ్ రికార్డ్ చేశాను, బాగుంది. హెడ్‌ఫోన్స్‌లో అది వింటూ చరణానికీ చరణానికీ మధ్య వచ్చే బిట్ వాయించాను, వాయిస్తున్నంతసేపూ సరిగ్గా కలిసింది. తీరా రెండూ కలిపి వింటే బిట్ పక్కకి జరిగిపోయి ఉంది. మళ్లీ వాయించాను, మళ్లీ అంతే. పన్నెండు టేకులు చేశాక అర్థమైంది, తప్పు నా చేతిది కాదని. ఆడాసిటీ సెట్టింగ్స్‌లో లేటెన్సీ కాంపెన్సేషన్ అని ఒక అంకె ఉంటుంది, దాంట్లో వాళ్లు మైనస్ 130 మిల్లీసెకన్లు పెట్టి ఇస్తారు. అంటే ఏ ల్యాప్‌టాప్ అయినా, ఏ మైక్ అయినా, కొత్తగా రికార్డ్ చేసినదాన్ని అంత వెనక్కి లాగి పెడుతుంది. మీ మెషీన్‌కి ఆ అంకె సరిపోతే అదృష్టం. సరిపోకపోతే ఒక హెడ్‌ఫోన్‌ని మైక్‌కి ఆనించి, టిక్ టిక్‌మని తాళం కొట్టే క్లిక్ ట్రాక్ ప్లే చేస్తూ దాన్నే మళ్లీ రికార్డ్ చేసి, రెండు గీతల మధ్య ఎడం కొలిచి ఆ అంకె మార్చుకోవాలి. ఒక్కసారి చేసుకుంటే చాలు, కానీ కొత్తవాళ్లకి ఇలాంటిది ఒకటి చేయాలన్న సంగతే తెలియదు.

ఇంకో చిక్కు ఎలక్ట్రిక్ గిటార్ వాళ్లకి. ఆడాసిటీలో రియల్ టైమ్ ఎఫెక్ట్స్ (శబ్దాన్ని అప్పటికప్పుడే మార్చి వినిపించేవి) 2022లో 3.2 వెర్షన్‌తో వచ్చాయి, కానీ అవి రికార్డ్ అయినదాన్ని ప్లే చేసేటప్పుడే పనిచేస్తాయి, వాయిస్తున్నప్పుడు వినిపించవు. అంటే మీరు డిస్టార్షన్, అదే రాక్ పాటల్లో వినిపించే గరగర శబ్దం, కావాలనుకుంటే, వాయించేటప్పుడు మాత్రం ఒట్టి తీగ శబ్దమే టింగు టింగుమని వినుకుంటూ వాయించాలి. డిస్టార్షన్ వినిపిస్తుంటే చెయ్యి వేరేలా వాయిస్తుంది, అరచేతి అంచుతో తీగల్ని నొక్కిపట్టడం దగ్గర్నుంచి అన్నీ దాన్ని బట్టే ఉంటాయి.

అక్కడి నుంచి నేను వేసిన అడుగు తప్పు అడుగు. పేరున్న ఒక పెద్ద సాఫ్ట్‌వేర్ ఫుల్ వెర్షన్ అని ఒక కంప్యూటర్ షాపులో పెన్ డ్రైవ్‌లో వేసిచ్చారు, రెండు వందలు తీసుకున్నారు. యాంటీవైరస్ ఆపేసి ఇన్‌స్టాల్ చేయమన్నారు, చేశాను. పది రోజుల్లో బ్రౌజర్ దానంతట అదే ఏవేవో పేజీలు తెరవడం, ల్యాప్‌టాప్ వేడెక్కడం, చివరికి ఆన్ చేస్తే నల్ల స్క్రీన్. ఫార్మాట్ చేయించాల్సి వచ్చింది, అప్పటిదాకా రికార్డ్ చేసిన పదకొండు పాటల ట్రాకులు పోయాయి, వాటిలో మా పెద్ద పాస్టర్ గారు రిటైర్ అయ్యే ముందు పాడిన ఒక పాట కూడా ఉంది, అది మళ్లీ దొరకదు. అందుకే గట్టిగా చెప్తున్నాను, క్రాక్ వెర్షన్ల జోలికి పోవద్దు. ఉచితంగా, చట్టప్రకారమే దొరికేవి ఇన్ని ఉండగా ఆ అవసరమే లేదు.

ఎఫ్ఎల్ స్టూడియో గురించి కూడా ఒక మాట, ఎందుకంటే మన దగ్గర కుర్రాళ్లందరూ మొదట అడిగేది దాన్నే. బీట్స్ చేయడానికి అది చాలా బాగుంటుంది. గిటార్ రికార్డ్ చేయాలనుకునేవాళ్లు మాత్రం కొనేముందు చూసుకోండి, అందులో అన్నిటికంటే తక్కువ ధర ఉన్న ఫ్రూటీ ఎడిషన్‌లో చాలాకాలం ఆడియో రికార్డింగే లేదు. ట్రయల్ వెర్షన్‌లో అన్నీ పనిచేస్తాయి గానీ సేవ్ చేసిన ప్రాజెక్టుని మళ్లీ తెరవనివ్వదు. రాత్రి సగం చేసి పొద్దున మిగతాది చేద్దామనుకునేవాళ్లకి అది కుదరదు.

కేక్‌వాక్ అనే ఇంకో రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ కూడా చూశాను. 2017లో దాన్ని ఆపేస్తే 2018లో బ్యాండ్‌ల్యాబ్ వాళ్లు తీసుకుని ఉచితంగా ఇచ్చారు, ఇప్పుడు సోనార్ అనే పేరుతో నడుస్తోంది. మంచి మెషీన్ ఉన్నవాళ్లు వాడి చూడండి, నా 4 జీబీ మీద మాత్రం నాలుగో ట్రాక్‌కే శబ్దం తెగిపోయింది.

బ్యాండ్‌ల్యాబ్‌ని నేను తెలుసుకున్నది మా మేనల్లుడి వల్ల. కావలిలో ఇంటర్ చదువుతున్నాడు, కిందటి వేసవిలో గిటార్ కొనిచ్చాం, ల్యాప్‌టాప్ లేదు. ఫోన్‌లో ఈ యాప్ వేసుకుని వాడే మొదలుపెట్టాడు. ఉచితం, 16 ట్రాకులు, లోపలే తాళం కొట్టే మెట్రోనోమ్, ట్యూనర్, గిటార్ యాంప్ సౌండ్స్, కొన్ని రెడీమేడ్ డ్రమ్ లూప్స్ ఉంటాయి. చేసిందంతా ఇంటర్నెట్‌లో వాళ్ల సర్వర్‌లో సేవ్ అవుతుంది కాబట్టి ఫోన్ పోయినా పాట పోదు, కంప్యూటర్‌లో బ్రౌజర్ తెరిచి అదే పాట కొనసాగించవచ్చు. నెట్ సరిగ్గా లేని చోట మాత్రం కష్టం.

వాడు ఒక రాత్రి ఫోన్ చేశాడు.

"మావయ్యా, వాయించేటప్పుడు బాగానే ఉంది, తర్వాత వింటే డ్రమ్స్ ఒక దారి, నేనొక దారి."

"ఏ ఇయర్‌ఫోన్స్ పెట్టుకున్నావురా?"

"బ్లూటూత్‌వి."

"అవి తీసి పక్కన పెట్టు. మీ అమ్మ దగ్గర వైరువి ఉంటాయి, అడిగి తీసుకో."

పావుగంటలో మెసేజ్ వచ్చింది, కలిసిందని. బ్లూటూత్‌లో శబ్దం చెవికి చేరేసరికే చాలా ఆలస్యమైపోతుంది, పాటలు వినడానికి పర్వాలేదు, రికార్డింగ్‌కి అస్సలు పనికిరాదు. ఆండ్రాయిడ్ ఫోన్లలో ఒక్కో మోడల్‌కి ఆలస్యం ఒక్కోలా ఉంటుంది కాబట్టి ఈ యాప్‌లో దాన్ని కొలిచి సరిచేసే లేటెన్సీ టెస్ట్ ఉంది, ఇన్‌స్టాల్ చేసిన రోజే దాన్ని ఒకసారి నడిపించండి. ఇంకొకటి, అకూస్టిక్ గిటార్ అయితే ఫోన్‌ని గిటార్ మధ్యనున్న గుండ్రటి రంధ్రం ముందు పెట్టకండి, బొంయ్ బొంయ్‌మని మోతే రికార్డ్ అవుతుంది. పన్నెండో ఫ్రెట్ ఎదురుగా, అడుగు దూరంలో, నాలుగు పుస్తకాలు పేర్చి వాటి మీద పెట్టండి. మా వాడు ఎంసెట్ గైడ్లు పేర్చాడు. అదే ఫోన్, అదే గిటార్, శబ్దం మాత్రం పూర్తిగా మారిపోయింది.

గ్యారేజ్‌బ్యాండ్ గురించి తక్కువే రాయగలను, నా దగ్గర ఐఫోన్, మ్యాక్ లేవు కాబట్టి. మా క్వయర్‌లో ఒక అక్కకి ఐఫోన్ ఉంది, ఆవిడ గొంతు అందులోనే రికార్డ్ చేసి పంపుతారు. ఏ సెట్టింగూ ముట్టుకోకుండానే ఆలస్యం లేకుండా వినిపించింది, యాంప్ సౌండ్స్ లోపలే ఉన్నాయి. 2004 నుంచి ఆపిల్ వాళ్లు తమ మెషీన్లకే ఇస్తున్నారు, విండోస్‌కి లేదు. "విండోస్ గ్యారేజ్‌బ్యాండ్" అని ఎక్కడైనా కనిపిస్తే డౌన్‌లోడ్ చేయకండి.

ఇప్పుడు రీపర్. మనలో ముప్పై దాటినవాళ్లకి విన్ఆంప్ గుర్తుండే ఉంటుంది. ఒంగోల్లో ఏ నెట్ సెంటర్‌కి పోయినా, ఏ సీడీలు రాసిచ్చే షాపుకి పోయినా కంప్యూటర్‌లో పాటలు దాంట్లోనే మోగేవి. 1997లో ఆ విన్ఆంప్ చేసిన జస్టిన్ ఫ్రాంకెలే తర్వాత రీపర్ కూడా చేశాడు. ఆ సంగతి తెలిశాక దీని మీద నాకు నమ్మకం కలిగింది, వాడాక ఆ నమ్మకం నిలబడింది. విన్ఆంప్‌లాగే ఇదీ చాలా తేలిక. ఇన్‌స్టాల్ చేసే ఫైల్ 20 ఎంబీ కూడా ఉండదు. నా ల్యాప్‌టాప్‌లో ఐదారు సెకన్లలో తెరుచుకుంటుంది. పన్నెండు ట్రాకులు, ఒక్కోదాని మీద రెండేసి ఎఫెక్ట్స్ పెట్టినా శబ్దం తెగలేదు.

ధర సంగతి. 60 రోజులు అన్నీ పనిచేస్తూ ఉచితంగా వాడుకోవచ్చు, సేవ్ అవ్వకపోవడం, మధ్యలో బీప్ శబ్దాలు రావడం లాంటివేమీ ఉండవు. ఆ తర్వాత సొంతానికి వాడుకునేవాళ్లకి 60 డాలర్లు, డాలర్ రేటుని బట్టి మనకి ఐదు వేలు దాటుతుంది. పెద్ద స్టూడియోలకి 225 డాలర్లు. 60 రోజులు దాటినా అది తెరుచుకుంటూనే ఉంటుంది, కొనమని ఒక కిటికీ కొన్ని సెకన్లు చూపిస్తుంది, అంతే. మనల్ని అంతగా నమ్మి ఇచ్చినప్పుడు డబ్బు కట్టడం న్యాయం అనిపించింది, దసరా బోనస్ రాగానే కట్టాను. బ్యాంకు యాప్‌లో కార్డుకి ఇంటర్నేషనల్ పేమెంట్స్ ఆన్ చేసుకోవాలి, లేకపోతే పేమెంట్ పోదు.

మొదటిసారి తెరిస్తే మాత్రం భయమేస్తుంది. బూడిద రంగు స్క్రీన్, ఎక్కడ నొక్కినా పొడుగాటి మెనూలు, ఒక్కో మెనూలో ఇంకో మెనూ. ఇక్కడే చాలామంది వెనక్కి పోతారు. వెళ్లకండి. గిటార్ రికార్డ్ చేయడానికి ఆ మెనూల్లో నూటికి తొంభై ముట్టుకోనక్కర్లేదు. కంట్రోల్, పీ నొక్కితే సెట్టింగ్స్ వస్తాయి, అందులో ఆడియో కింద డివైస్ అని ఉంటుంది, అక్కడ ఏఎస్ఐఓ (ఆలస్యం తగ్గించే డ్రైవర్) ఎంచుకుని బఫర్ 128 పెట్టండి, శబ్దం చిటపటలాడితే 256కి పెంచండి. కంట్రోల్, టీ నొక్కితే కొత్త ట్రాక్. ట్రాక్ మీద ఎర్ర బటన్ నొక్కాలి, మీ గిటార్ ఏ ఇన్‌పుట్‌లో ఉందో ఎంచుకోవాలి. కంట్రోల్, ఆర్ నొక్కితే రికార్డింగ్. పైన మెట్రోనోమ్ బొమ్మ మీద రైట్ క్లిక్ చేసి కౌంట్ ఇన్ పెట్టుకుంటే, వన్ టూ త్రీ ఫోర్ కొట్టాకే రికార్డింగ్ మొదలవుతుంది, నొక్కిన చెయ్యి గిటార్ మీదకి చేరడానికి టైమ్ ఉంటుంది. ఇదంతా ఒకసారి పెట్టుకుని ప్రాజెక్ట్ టెంప్లేట్‌గా సేవ్ చేసేస్తే చాలు. ఇప్పుడు నేను ఆఫీసు నుంచి వచ్చి, భోజనం చేసి, ల్యాప్‌టాప్ తెరిచిన నిమిషంలో వాయిస్తుంటాను.

ఒక జాగ్రత్త. ముందు ప్రాజెక్టుని పేరు పెట్టి సేవ్ చేసి, అప్పుడు రికార్డ్ చేయండి. సేవ్ చేయకుండా మొదలుపెడితే రికార్డింగులు డాక్యుమెంట్స్‌లో రీపర్ మీడియా అనే ఫోల్డర్‌లోకి పోతాయి. మొదటి నెల నా పాటలన్నీ అక్కడ కలగాపులగంగా పడి ఉన్నాయి, ఏది ఏ పాటదో పోల్చుకోవడానికి ఒక ఆదివారం మధ్యాహ్నం పట్టింది.

దీనిలో నాకు అన్నిటికంటే పనికొచ్చింది టేకుల పద్ధతి. ఒకే చోట మళ్లీ మళ్లీ వాయిస్తే పాతది చెరిగిపోదు, ఒకదాని వెనక ఒకటి పేర్చుకుంటుంది, టీ అక్షరం నొక్కుతూ ఏ టేకు బాగుందో వినవచ్చు. ఎస్ అక్షరంతో అక్కడక్కడా కోసి, మొదటి లైన్ మూడో టేకులోది, రెండో లైన్ ఐదో టేకులోది తీసుకోవచ్చు. ఎఫ్ మేజర్ బార్ కార్డ్ దగ్గర నా చూపుడు వేలు ఇప్పటికీ ఒక్కోసారి పూర్తిగా ఆనదు, రెండో తీగ టుక్కుమంటుంది. అంతకుముందైతే ఆ ఒక్క కార్డ్ కోసం పాట మొత్తం మళ్లీ వాయించేవాణ్ణి.

మాది మెయిన్ రోడ్డుకి దగ్గరి ఇల్లు. చీమకుర్తి నుంచి గ్రానైట్ బ్లాకులు వేసుకుని లారీలు పోతుంటే కిటికీ అద్దాలు సన్నగా వణుకుతాయి, చెవికి పెద్దగా తెలియదు గానీ మైక్‌లో కింద ఒక హోరులా పడుతుంది. రీపర్‌తో వచ్చే రీఈక్యూ అనే ఈక్వలైజర్‌లో మొదటి బ్యాండ్‌ని హై పాస్‌గా (ఒక హద్దు కింద ఉన్న శబ్దాన్ని తగ్గించేలా) మార్చి 80 హెర్ట్జ్ దగ్గర పెట్టాను. గిటార్‌లో అన్నిటికంటే లావు తీగ, ఆరో తీగ, వట్టిగా మీటితే 82 హెర్ట్జ్. అంటే దాని కింద మన గిటార్‌ది ఏమీ లేదు, ఉన్నదంతా లారీదే. ఆ ఒక్క మార్పుతో ట్రాక్ కడిగినట్టు శుభ్రమైంది. సీలింగ్ ఫ్యాన్ గాలి శబ్దానికి మాత్రం ఏ ఫిల్టరూ సరిపోదు, అది గిటార్ స్వరాల్లోనే కలిసిపోయి ఉంటుంది. ఫ్యాన్ ఆపాల్సిందే. రోహిణి కార్తెలో కూడా ఆపే వాయించాను, ఒక్కో టేకుకి నాలుగు నిమిషాలు ఆపడం, మళ్లీ వేసుకోవడం. మెడ మీద తువ్వాలు ఉంచుకోండి, చెమట తీగల మీద పడితే తొందరగా తుప్పు పడతాయి.

ఎలక్ట్రిక్ గిటార్ వాళ్లకి ఇంకో శబ్దం ఉంటుంది, గుయ్యిమని. అది మన కరెంటు శబ్దం, 50 హెర్ట్జ్, దాని పైన 100, 150 అలా. నేను మొదట ఆన్‌లైన్‌లో ఒక చవక గిటార్ యూఎస్‌బీ కేబుల్ కొన్నాను, పేరు అనవసరం, దాంట్లో గిటార్ కంటే ఈ గుయ్యే ఎక్కువ వినిపించేది. సాఫ్ట్‌వేర్ తప్పనుకుని నాలుగు మార్చాను. ఒకరోజు వాయిస్తుండగా కరెంటు పోయింది, ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద నడుస్తోంది, ఫ్యాన్ ఆగింది, హెడ్‌ఫోన్స్‌లో ఒక్కసారిగా నిశ్శబ్దం. గిటార్ ఒక్కటే వినిపించింది. అప్పుడు తెలిసింది, గుయ్యి వస్తున్నది ఛార్జర్ నుంచి, ఫ్యాన్ రెగ్యులేటర్ నుంచి అని. అప్పట్నుంచి రికార్డింగ్ అంతా ఛార్జర్ పీకేసే చేస్తాను. గిటార్ పట్టుకుని కుర్చీలో అటూ ఇటూ తిరిగి చూడండి, ఒక దిక్కున గుయ్యి బాగా తగ్గుతుంది, అటు తిరిగే వాయించండి.

తర్వాత చెన్నైలో సెకండ్ హ్యాండ్‌లో ఫోకస్‌రైట్ స్కార్లెట్ సోలో తీసుకున్నాను, గిటార్‌నీ మైక్‌నీ కంప్యూటర్‌కి కలిపే పెట్టె అది. ఒక మైక్‌కి, ఒక గిటార్‌కి సరిపోతుంది, గెయిన్ తిప్పే చోట చుట్టూ పచ్చ వెలుగు వస్తుంది, ఎర్రగా మారితే ఎక్కువైనట్టు. దాని సొంత ఏఎస్ఐఓ డ్రైవర్ వేసుకున్నాక ఆలస్యం సమస్య నాకు పూర్తిగా పోయింది. అందులో గిటార్ శబ్దాన్ని నేరుగా హెడ్‌ఫోన్స్‌కి ఇచ్చే డైరెక్ట్ మానిటర్ స్విచ్ ఒకటి ఉంటుంది, అది ఆన్‌లో ఉండి రీపర్‌లో కూడా మానిటరింగ్ ఆన్‌లో ఉంటే ఒక్కో స్వరం రెండుసార్లు వినిపిస్తుంది, ఏదో ఒకటే ఉంచుకోండి. వెంటనే కొనే స్తోమత లేకపోతే ఆగండి, మామూలు మైక్‌తో అకూస్టిక్ గిటార్ రికార్డ్ చేస్తూ సాఫ్ట్‌వేర్ నేర్చుకోవచ్చు. నేను ఎనిమిది నెలలు అలాగే చేశాను.

సౌండ్ ఎంత పెట్టాలని క్వయర్‌లో తమ్ముళ్లు అడుగుతుంటారు. గట్టిగా స్ట్రమ్ చేసినప్పుడు మీటర్ మైనస్ 12 దగ్గర ఆడితే చాలు, మరీ ఎగిరినా మైనస్ 6 దాటకూడదు. 24 బిట్‌లో రికార్డ్ చేస్తే తక్కువగా ఉన్నా తర్వాత పెంచుకోవచ్చు, సున్నా దాటి పగిలిపోయినదాన్ని మాత్రం ఎవరూ బాగుచేయలేరు. 24 బిట్ మోనోలో ఒక నిమిషానికి సుమారు 8 ఎంబీ అవుతుంది, నాలుగు నిమిషాల పాటకి ఆరు ట్రాకులంటే 190 ఎంబీ దాకా. చివర్లో ఎంపీ3 చేస్తే 128 కేబీపీఎస్‌లో 4 ఎంబీకి వచ్చేస్తుంది. వాట్సాప్‌లో దాన్ని డాక్యుమెంట్‌గా పంపండి.

రీపర్‌లో నాకు నచ్చనివి కూడా చెప్పాలి. డ్రమ్స్ శబ్దాలు, పియానో, తబలా లాంటివి లోపల ఏమీ రావు, ఖాళీ ఇల్లు అప్పజెప్పినట్టు ఉంటుంది. గిటార్ యాంప్ సౌండ్స్ పేరుకి ఉన్నాయి గానీ నాకు తృప్తినివ్వలేదు, న్యూరల్ యాంప్ మోడలర్ అనే ఉచిత ప్లగిన్ (రీపర్ లోపల కలిపి వాడుకునే చిన్న సాఫ్ట్‌వేర్) వేసుకున్నాక ఆ లోటు తీరింది. డ్రమ్స్‌కి ఎంటీ పవర్ డ్రమ్ కిట్ అని ఇంకోటి ఉచితంగానే ఉంది, కానీ దాన్ని ఇన్‌స్టాల్ చేసి, రీపర్‌కి ఆ ఫోల్డర్ ఎక్కడుందో చూపించడం కొత్తవాళ్లకి ఒక పూట పని. ఇవన్నీ మొదటి రోజే రెడీగా కావాలంటే బ్యాండ్‌ల్యాబ్ గానీ గ్యారేజ్‌బ్యాండ్ గానీ నయం.

సంక్రాంతి సెలవులకి మా మేనల్లుడు ఒంగోలు వచ్చినప్పుడు ఇద్దరం కలిసి ఒక పాట చేశాం. స్ట్రమ్మింగ్ వాడిది, బిట్స్ నావి. డ్రమ్ ప్లగిన్ పెడదామంటే వాడు ఒప్పుకోలేదు. వంటింట్లోకి పోయి సగం ఖాళీ అయిన బియ్యం డబ్బా తెచ్చి, నిలువుగా పెట్టి అరచేత్తో మూత మీద, వేళ్లతో పక్కన కొట్టాడు. మైక్ దగ్గరగా పెడితే రేకు గణగణలాడింది. రెండడుగుల దూరానికి జరిపి, డబ్బా కింద దుప్పటి మడిచి వేశాక సరిగ్గా కుదిరింది, మధ్యలో కొడితే లోతుగా, అంచున కొడితే గట్టిగా. నాలుగో టేకు ఉంచాం. క్వయర్ వాళ్లకి పంపితే నెల్లూరు నుంచి ఆ అమ్మాయి అడిగింది, "అన్నా, ఆ దరువు ఏ యాప్‌లోది?" అని.